ఉప్పు ఎక్కడిదాకా వస్తుంది? బాహుదా, ఋషికుల్య ఒడ్డున ఐదు రోజులు

ఇదంతా ఒక పందెంతో మొదలైంది. సంక్రాంతికి ఇచ్ఛాపురం నుంచి మా బావ బరంపురం వచ్చాడు. భోజనాల దగ్గర మాటల్లో మాటగా "మా బాహుదా నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉంటాయి, మీ ఋషికుల్యలాగా ఉప్పు కషాయం కాదు" అన్నాడు. సముద్రంలో కలిసే ఏరు ఏదైనా చివర్లో ఉప్పు కాక తప్పదు బావా, అది ఎంత దూరం లోపలికి వస్తుందన్నదే లెక్క అన్నాను. ఎంత దూరం వస్తుందంటావ్ అన్నాడు. చెప్పలేకపోయాను. నలభై ఏళ్ళుగా ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉంటున్నా, ఋషికుల్య మీది వంతెన వందలసార్లు దాటినా, ఆ సంగతి నాకు తెలియదు. ఓడినవాడు పండుగప్ప చేప పులుసు తినిపించాలి అని ఒప్పందం. మార్చి మొదట్లో, హోలీ పున్నమి కలిసొచ్చేలా చూసుకుని, బావ బండి మీద బయల్దేరాం. పున్నమికి పోటు పెద్దది కాబట్టి ఉప్పు ఎంత లోపలికి రాగలదో అప్పుడే తేలుతుందని నా లెక్క. అది సగమే నిజమని తర్వాత తెలిసింది.

మొదటి రోజు, ద్వాదశి: బాహుదా

బాహుదాది విచిత్రమైన బతుకు. గజపతి జిల్లా కొండల్లో పుడుతుంది, ఆంధ్రాలోకి దిగి ఇచ్ఛాపురాన్ని ఒరుసుకుంటూ పోతుంది, మళ్ళీ ఒడిశాలోకి వెళ్ళి సోనాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టిల్లూ అత్తారిల్లూ ఒడిశాలోనే, మధ్యలో మా బావ వాళ్ళ ఊరికి చుట్టపుచూపుగా వచ్చి పోతుందన్నమాట.

పొద్దున్నే ఇచ్ఛాపురంలో ఏటి ఒడ్డుకు వెళ్ళాం. ఇక్కడ బ్రిటిష్ కాలం నాటి వంతెన ఒకటి ఉండేది, 2023 మే నెలలో పెద్ద గ్రానైట్ రాయి ఎక్కించుకున్న లారీ వెళ్తుంటే మధ్యలో కూలిపోయింది. మార్చికే ఏరు చిక్కిపోయి ఉంది. వెడల్పంతా ఇసుక, ఒక పక్కన మోకాలి లోతు పాయ. బావ దోసిట్లో పట్టి తాగి చూపించాడు. చూశావా, చక్కెర! నేనూ తాగాను, మంచినీళ్ళే. అయితే ఇక్కడినుంచి సముద్రం దాకా ఉన్నదంతా ఇదే రుచి అంటావా అంటే మాట్లాడలేదు. ఇచ్ఛాపురం మండలంలోనే తేలుకుంచి ఉంది. జూన్‌లో చిల్లుముక్కు కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెట్టి, పిల్లల్ని ఎగరేసుకుని చలికాలానికి పోతాయి. ఇప్పుడు వెళ్ళినా ఖాళీ చెట్లే, అందుకే ఆగలేదు. అన్నట్టు వాటిని ఇక్కడందరూ సైబీరియా పక్షులంటారు గానీ అవి ఈ దేశపు కొంగలే.

సుర్లా మీదుగా సోనాపూర్ చేరేసరికి పదకొండు. దారి పొడవునా మొగలి పొదలు, వాటి వెనక రొయ్యల చెరువులు. ఉప్పుటేటి నీళ్ళు ఇంజన్లతో తోడి చెరువుల్లోకి ఎక్కిస్తున్నారు. ఒకప్పుడు వరి పండిన భూములేనట కొన్ని. చెరువు పక్క పొలంవాడి బావి ఉప్పు తిరిగితే అడిగేదెవర్ని, తగాదా పెట్టుకునేదెవరితో? ఆ తగాదాలు ఊళ్ళో చాలానే ఉన్నాయని టీ కొట్టు దగ్గర తెలిసింది, పేర్లు మాత్రం ఎవరూ చెప్పలేదు.

సోనాపూర్ చేపలవాళ్ళ ఊరు. ఒడిశావాళ్ళు వీళ్ళని నోలియాలంటారు. ఇంట్లో తెలుగే, బజారులో ఒడియా. రెండూ ఎంతగా కలిసిపోయాయంటే నది సముద్రంలో కలిసేచోటుని ఒక తాత ఒకే మాటలో "మొగ" అన్నాడు, పక్క మాటలో "ముహాణ" అన్నాడు, రెండూ ఒకటే అన్న స్పృహ కూడా ఉన్నట్టు లేదు. పోటుపాట్లకి జువార, భట్టా. మా బావకు ఒడియా రాదు, అయినా పది నిమిషాల్లో అంతా అర్థమైంది.

మొగ దగ్గర నించుని చూస్తే బాహుదా ఇంతేనా అనిపిస్తుంది. ఇసుక తిన్నె అడ్డంగా పడుకుని ఉంది, దాని చివర ఇరుకు సందులోంచి నీళ్ళు బయటికి జారుతున్నాయి. ద్వాదశి కదా, ఆ రోజు పోటు (సముద్రం పొంగడం) పొద్దున ఆరున్నరకు, పాటు (తగ్గడం) పన్నెండూ ముప్పావుకు అని ఫోన్లో చూసుకుని వెళ్ళాను. ఒంటిగంటంపావుకి సముద్రం తిరిగింది. అలలు మెల్లగా పైకెక్కడం కంటికి తెలుస్తోంది. కానీ లోపలి ఏరు మాత్రం ఇంకా బయటికే పారుతోంది, సముద్రంతో సంబంధం లేనట్టు. ఫోన్ తప్పు చెప్పిందేమో అనుకున్నా. తాత నవ్వాడు. "దారి సిన్నది కదా బాబూ, లోపల్నీరంతా ఎల్లాలంటే టైం పట్టదేటి? సినిమా అయిపోయినా జనం బయటికి రావడానికి పావుగంట పడద్ది." ఇంకో అరగంటకి నీళ్ళు ఆగాయి, చెత్త, నురగ ఉన్నచోటే తిరిగాయి, తర్వాత మెల్లగా లోపలికి నడక మొదలెట్టాయి. ఆ ఆగిన కొద్ది నిమిషాల్లో వలలు విసిరినవాళ్ళందరికీ ఏదో ఒకటి పడింది. పోటుతో పాటు బొంతచేపలు లోపలికి ఎక్కుతాయట, తిరిగి వచ్చేటప్పుడు పట్టడం కంటే ఎక్కేటప్పుడు పట్టడమే సులువట.

అక్కడి నీళ్ళు నాలిక మీద వేసుకుని బావ ఉమ్మేశాడు. పందెం మొదటి రోజే గెలిచానని నేనన్నాను. కాదు, ఎక్కడిదాకా అన్నది తేలాలి అన్నాడు వాడు. సరే, న్యాయమే. కానీ సోనాపూర్ నుంచి వెనక్కి ఏటి వెంబడి వెళ్దామంటే దారి లేదు, చెరువు గట్లే. గట్ల మీద కుక్కలు. రెండు కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి తిరిగాం. ఆ సరిహద్దు బాహుదాలో మాకు దొరకలేదు.

రెండో రోజు, త్రయోదశి: గోపాలపూర్

గోపాలపూర్లో రాయడానికి పెద్దగా లేదు. నిజానికి ఒక పూట విశ్రాంతి కోసమే వెళ్ళాం, బావ నడుం పట్టేసింది. లైట్‌హౌస్, బీచ్, ఒంటెలు, ఘుగుని (బఠానీ కూర) వేసిన ముఢీ (మరమరాలు). రెండు ప్లేట్లు తిన్నాం.

ఒక్కటి చెప్పాలి. ఇక్కడ పెద్ద నది ఏదీ సముద్రంలో కలవదు, అయినా ఒకప్పుడు ఓడలు ఇక్కడికే వచ్చేవి. ఒడ్డుకు దూరంగా ఆగేవి, పడవల మీద జనాన్నీ సరుకునీ చేరవేసేవారు. మా వైపు ఇళ్ళల్లో "రంగం వెళ్ళాడు" అని ఇప్పటికీ వినిపిస్తుందే, ఆ రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళినవాళ్ళలో కొందరు ఎక్కింది ఈ రేవులోనే. నది మొగలో రేవు ఉండాలిగానీ ఇలా నడి ఇసుకలో ఎందుకు అని బావ అడిగాడు. దానికి జవాబు గంజాంలో ఉంది, అది ఎల్లుండి.

ఆటుపోట్ల తేడా ఈ తీరంలో పున్నమి అమావాస్యలకు కూడా రెండు మీటర్లకు అటూ ఇటూ. గుజరాత్‌లో, సుందరబన్‌లో చూసినవాళ్ళకి ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ నేల చదునుగా ఉన్నచోట రెండు మీటర్లంటే తక్కువ కాదు. నది అడుగు సముద్రమట్టానికి ఎంత దూరం వరకు కిందే ఉందో అంత దూరం వరకు సముద్రానికి దారి తెరిచినట్టే.

మూడో రోజు, చతుర్దశి: ఋషికుల్య మొగ

ఛత్రపూర్ దాటి ఋషికుల్య వంతెన మీద బండి ఆపకూడదు, అయినా ఆపాం. కింద నీలంగా, నిండుగా, సరస్సులా ఉంది. ఇదే నది యాభై కిలోమీటర్లు ఎగువన అస్కా దగ్గర మార్చిలో ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇసుక మీద గీతల్లా నాలుగు పాయలు. ఇక్కడ కనబడే నీళ్ళలో నది వంతు ఎంత, సముద్రం వంతు ఎంత? 165 కిలోమీటర్ల ఋషికుల్య కంధమాల్ వైపు కొండల్లో పుట్టి, బడానది లాంటి ఉపనదుల్ని కలుపుకుని ఇక్కడికొస్తుంది. కానీ ఎండాకాలం దాని నీళ్ళు దారిలోనే ఖర్చయిపోతాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, 1866 కరువు తర్వాత కట్టిన జానివిల్లి ఆనకట్ట, సోరడా, భంజనగర్ చెరువులు ఆ నీళ్ళని పొలాలకు తిప్పేస్తాయి. మా బరంపురం కొళాయిల్లో వచ్చేదీ ఆ జానివిల్లి నీళ్ళే. అంటే నేను పొద్దున స్నానం చేసిన నీళ్ళు ఇక్కడికి రావలసినవి. అవి రాకపోతే ఆ ఖాళీలోకి ఉప్పు వస్తుంది.

వంతెన దాటి గంజాం ఊరు, అక్కడినుంచి పురునాబంధ. పడవ మాట్లాడుకోవడం నా అంచనా కంటే తేలికైంది, ఎందుకంటే పడవతన్ని నేను ఒడియాలో బేరమాడుతుంటే అతను వెనక్కి తిరిగి కొడుకుతో తెలుగులో "ఈళ్ళు బరంపురపోళ్ళు, ఎక్కువడుగు" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేనూ తెలుగులో అందుకున్నా. అతనూ నవ్వేశాడు. ధర మాత్రం తగ్గలేదు.

పోటు ఎనిమిది దాటాక. మేము ఏడున్నరకు బయల్దేరాం, నీళ్ళు లోపలికి వస్తుంటే ఎదురు వెళ్ళాలి, ఇంజన్ మూలుగుతోంది. మొగ దగ్గర ఇసుక తిన్నె పొడవు చూసి ఆశ్చర్యపోయాం. నది నేరుగా సముద్రంలోకి పోవట్లేదు, ఒడ్డుకు సమాంతరంగా ఉత్తరానికి తిరిగి, కొంత దూరం వెళ్ళి, అక్కడ కలుస్తోంది. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు ఇసుకని ఒడ్డు వెంబడి ఉత్తరానికి తోస్తాయి. తిన్నె చివర పెరిగేకొద్దీ మొగ కూడా ఉత్తరానికి జరుగుతూ పోతుంది. అలా పొడుగై పొడుగై, ఒక పెద్ద వరద వచ్చినప్పుడు నది ఓపిక నశించి తిన్నెని మధ్యలో కోసుకుని బయటపడుతుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, వెనకాలే ఋషికుల్యకి పెద్ద వరద. ఆ తర్వాత మొగ పాత చోట లేదన్నాడు పడవతను. "మా నాన్న సూపించిన గుర్తులేవీ నాకు పనికిరావు, నేను సూపించినవి వీడికి పనికిరావు" అని కొడుకు వైపు గడ్డం ఎత్తాడు.

మొగ మారితే ఉప్పు కూడా మారుతుంది, ఇది అతను చెప్పేదాకా నాకు తట్టలేదు. మొగ నేరుగా, వెడల్పుగా ఉన్న ఏడాది పోటు ధాటిగా ఎక్కుతుంది, ఉప్పు చాలా లోపలికి పోతుంది. తిన్నె పెరిగి దారి మెలికలు తిరిగిన ఏడాది పోటు దారిలోనే అలిసిపోతుంది. చంద్రుడు అదే, పున్నమి అదే, కానీ ఈ ఏడాది ఉప్పు ఉన్నచోట వచ్చే ఏడాది ఉండకపోవచ్చు. బావ మొహంలో వెలుగు చూడాలి, పందెం రద్దయిపోతుందని ఆశ.

ఈ ఇసుకకి ఇంకో కథ ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇక్కడ గుంపులు గుంపులుగా గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో గానీ శాస్త్రవేత్తలకు తెలియలేదు. ఊళ్ళోవాళ్ళకి తెలియకనా! 2025 ఫిబ్రవరిలో పది రోజుల్లోపే దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఈ మొగకు ఉత్తరాన ఉన్న కొద్ది కిలోమీటర్ల ఇసుకలో గుడ్లు పెట్టాయి. మేము వెళ్ళేసరికి ఆ సందడి అయిపోయింది. అటవీశాఖవాళ్ళు వలతో కంచె కట్టారు, కుక్కలు, నక్కలు రాకుండా. కంచె అవతల ఇసుకంతా ట్రాక్టర్ తొక్కినట్టు ఉంది, ఇవతల మాత్రం రాత్రి ఒంటరిగా వచ్చిన ఒక తాబేలు అడుగుల జాడ. రెండు వైపులా పడవ తెడ్లు ఈడ్చినట్టు గీతలు, పైకి ఒకటి, కిందకి ఒకటి, మధ్యలో తవ్వి పూడ్చిన చోటు. ఒక్కో గుంటలో వంద వరకు గుడ్లు, పిల్లలు బయటికి రావడానికి ఒకటిన్నర నుంచి రెండు నెలలు. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు. అది విని బావ "అయితే ఈ ఎండలకి అందరూ ఆడపిల్లలేనన్నమాట" అన్నాడు. నవ్వులాటకే అన్నాడుగానీ తాబేళ్ళ శాస్త్రవేత్తల దిగులు సరిగ్గా అదే.

ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా మొగ నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. తాబేలు వలలో పడితే ఊపిరాడక చస్తుంది, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి దానికి. నిషేధం ఎందుకో పడవతనికి బాగానే తెలుసు. "తాబేలుని మేం దేవుడంటాం బాబూ, దాన్ని సంపం. కానీ ఏడు నెలలు దేవుడొక్కడే తింటే మేమేటి తింటాం?" నా దగ్గర జవాబు లేదు.

పక్కనే పోడంపేట. ఆ పేరు చూస్తేనే తెలుస్తుంది ఎవరి ఊరో. సముద్రం ఇళ్ళు తినేస్తూ వచ్చింది, జనాన్ని లోపలికి తరలించారు. మిగిలిన గోడల మధ్య వలలు ఆరేస్తున్నారు. ఒక ఇంటి వంటగది గట్టు ఉంది, ఇల్లు లేదు. ఎక్కువసేపు ఉండబుద్ధి కాలేదు.

నాలుగో రోజు, పున్నమి: ఉప్పు మడులు, సీసా

గోపాలపూర్లో బావ అడిగిన దానికి జవాబు పోటాగఢ్‌లో ఉంది. గంజాం ఊరి పక్కన నది ఒడ్డున 1768లో ఈస్టిండియా కంపెనీ కట్టిన కోట, నక్షత్రం ఆకారంలో. ఇప్పుడు కూలిన గోడలు, తుమ్మలు, మేకలు. జిల్లా పేరు గంజాం అయిందంటేనే అర్థం, ఒకప్పుడు ఇదే పట్నం, నది మొగ రేవు. 1815 ప్రాంతంలో జ్వరాలు ప్రబలి జనం పిట్టల్లా రాలిపోయారు, కంపెనీ దొరలు ఊరు వదిలేశారు. ప్రభుత్వ కచేరీలు ఛత్రపూర్‌కీ బరంపురానికీ పోయాయి, తర్వాతి కాలంలో ఓడలు గోపాలపూర్‌కి. ఈ నది మొగలో ఊరికి ఊరే ఉప్పులా కరిగిపోయిందనాలి.

అక్కడినుంచి హుమ్మా. పున్నమి కాబట్టి అక్కడ ఆ రోజు పని ఎక్కువ. నేను అనుకున్నదేమిటంటే ఉప్పు మడుల్లోకి నీళ్ళు ఎప్పుడూ వస్తూనే ఉంటాయని. కాదు. ఉప్పుటేటి తూము తలుపులు పెద్ద పోటుకే ఎత్తుతారు. అమావాస్యకీ పున్నమికీ నాలుగేసి రోజులు, అంతే. తొమ్మిదింటికి పోటు పొంగినప్పుడు తలుపు లేపితే నీళ్ళు బుసబుసమని లోపలి చెరువులోకి దూకాయి, ఆ నీళ్ళతో పాటు చిన్న చిన్న చేపలు, రొయ్య పిల్లలు, ఒక మండపీత. పీత కోసం ఇద్దరు కుర్రాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు.

మేస్త్రీ దగ్గర గాజు గొట్టం ఒకటుంది, నీళ్ళలో తేలేస్తే ఉప్పు ఎంతుందో డిగ్రీల్లో చెప్తుంది. సముద్రం నీళ్ళు మూడు, మూడున్నర. వాటిని మొదటి చెరువులో ఎండబెట్టి, తర్వాతి మడిలోకి జార్చి, ఇంకో మడిలోకి జార్చి, పాతిక డిగ్రీలకు తెస్తారు. అప్పుడు అడుగున గింజ కడుతుంది. చెక్క పారతో మెల్లగా లాగి గట్టున కుప్ప పోస్తారు. ముప్పై దగ్గరపడితే మిగిలిన నీళ్ళు పారబొయ్యాలి, ఉప్పు చేదెక్కుతుంది. నేను ఆ చేదు నీళ్ళు ఒక చుక్క నాలికకి రాసుకున్నాను, సాయంత్రం దాకా పోలేదు. జనవరి నుంచి వానలు పడేదాకా పని, ఒక్క అకాల వర్షం పడితే పదిహేను రోజుల చాకిరీ మళ్ళీ మూడు డిగ్రీలకు. ఆడవాళ్ళ మడమలు చూస్తే పగుళ్ళు, ఆ పగుళ్ళలో ఉప్పు. మంట పుట్టదా అమ్మా అంటే "మొదటి నెల పుడద్ది, తరవాత కాలే ఉప్పైపోద్ది" అంది ఒకావిడ.

ఈ ఉప్పు, రైలు, నది నీళ్ళు మూడూ దగ్గర్లో ఉండబట్టే 1960ల్లో ఇక్కడికి కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ వచ్చింది. పాత పద్ధతిలో దానికి పాదరసం వాడేవారు, మొగలోని బురదలో పాదరసం గురించి శాస్త్రవేత్తలు పేపర్లు రాశారు. పద్ధతి తర్వాత మారింది. బురద తొందరగా మారదు, పోటు తెచ్చిన మట్టి పాటుకి మొత్తం తిరిగి పోదు కదా.

మధ్యాహ్నం సీసా ప్రయోగం. దీనికి నేను బరంపురంలోనే తయారయ్యాను. ఒక గాజు సీసాకి రాయి కట్టి, మూతకి వేరే సన్నతాడు కట్టాను. సీసాని అడుగుదాకా దించి మూత తాడు లాగితే అడుగు నీళ్ళే నిండుతాయి. వంతెనకి ఎగువన, పడవ రేవు దగ్గర దించాం. ముందు చేత్తో పై నీళ్ళు రుచి చూశాం, కొద్దిగా చప్పగా, మజ్జిగలో ఉప్పు తక్కువైనట్టు. సీసా లాగి అడుగు నీళ్ళు చూస్తే సముద్రమే! ఉప్పు నీళ్ళు బరువు, అవి నేల పట్టుకుని పాకుతూ వస్తాయి, నది నీళ్ళు వాటి మీద తేలుతూ దిగువకి పోతాయి. అంటే ఒకేచోట, ఒకే నిమిషంలో, పైన నది సముద్రానికి పోతోంది, కింద సముద్రం నదిలోకి వస్తోంది. ఇక "ఎక్కడిదాకా" అని అడిగితే, పైన ఎక్కడిదాకా, కింద ఎక్కడిదాకా అని రెండు ప్రశ్నలు. వానాకాలం వరదలో ఈ ఉప్పు వంతెన దాకా కూడా రాదట.

ఒడ్డునున్న బట్టలుతికేవాళ్ళు మమ్మల్ని చూసి ఏదో సర్వే అనుకున్నారు. ఇళ్ళు ఖాళీ చేయిస్తారా అని ఒకతను టెన్షన్ పడ్డాడు. కాదు, పండుగప్ప పులుసు కోసం అని చెప్పాక గానీ నమ్మలేదు. నిజానికి అప్పుడు ఇంకా తక్కువ నమ్మాడు.

సాయంత్రం పాలూరు కాలువ గట్టు మీద కూర్చున్నాం. ఋషికుల్య మొగనీ చిలికా దక్షిణపు కొసనీ కలిపే కాలువ, బ్రిటిష్ కాలంలో తవ్వారు. ఒకప్పుడు పడవల దారి, ఇప్పుడు చేపపిల్లల దారి. నదిలో పోటు ఎక్కితే కాలువలో నీళ్ళు చిలికా వైపు నడుస్తాయి. చిలికాకి 2000 సెప్టెంబర్‌లో ఇసుక తవ్వి కొత్త ముహాణ తెరిచారు, చేపలు మళ్ళీ పెరిగాయి. మనిషి తెరిస్తే తెరుచుకుంటుంది, మూస్తే మూసుకుంటుంది, మధ్యలో సముద్రం తన లెక్క తాను చూసుకుంటుంది. పున్నమి చంద్రుడు పైకొచ్చేసరికి దోమలు కూడా వచ్చాయి, లేచిపోయాం.

ఐదో రోజు, పాడ్యమి: ఎగువకి

పోటు పది గంటలకు కాస్త ముందు. సముద్రం దగ్గర పది అంటే లోపల ఇంకా ఆలస్యం. మేము దాన్ని తరుముకుంటూ నది వెంట ఎగువకి వెళ్ళాం. వెళ్ళాం అంటే, నది పక్కన రోడ్డు లేదు, ప్రతి ఊళ్ళో సందులోంచి ఒడ్డుకు దిగడం, ఒక పుల్ల పాతడం, అది మునుగుతోందా లేదా చూడటం, నాలికతో రుచి, మళ్ళీ బండి. మొదటి ఊళ్ళో పుల్ల వేళ్ళ లెక్కన మునిగింది, నీళ్ళు కాస్త ఉప్పు. రెండో ఊళ్ళో మునిగింది గానీ ఉప్పు లేదు. ఇది నాకు కొత్త. అంటే ఉప్పు ఆగిపోయిన తర్వాత కూడా పోటు ఆగదు. కింద నీళ్ళు ఎత్తుకుంటే పై నీళ్ళు వెనక్కి తన్నుకుంటాయి, మంచినీళ్ళే ఎదురెక్కుతాయి. బావ వెంటనే "అయితే పందెం ఉప్పు మీదా, పోటు మీదా?" అన్నాడు. లాయరు కావలసినవాడు.

మూడో ఊళ్ళో ఒడ్డు దిగలేకపోయాం, ట్రాక్టర్లు. ఇసుక తోడిన గుంటలు ఇంటి లోతు ఉన్నాయి. నది అడుగు ఎంత లోతైతే ఉప్పుకి అంత దారి. ఆనకట్టలు పైనుంచి మంచినీళ్ళు ఆపుతున్నాయి, ఇసుక గుంటలు కిందనుంచి ఉప్పుని పిలుస్తున్నాయి. పున్నమినాడు చూస్తే సరిపోతుందని నేను బయల్దేరాను కదా, ఈ ట్రాక్టర్లకు తిథులతో పని లేదు. ఫోటో తీయబోతే ఒకతను చూపులతోనే వద్దన్నాడు. తీయలేదు.

అక్కడినుంచి పురుషోత్తంపూర్ వైపు. తారాతారిణి కొండ కింద నది వంపు అద్భుతంగా ఉంటుంది, 999 మెట్లు ఎక్కలేక రోప్‌వేలో వెళ్ళాం, బావ నడుం సాకు. చైత్రం ఇంకా రాలేదు కాబట్టి జనం లేరు, ఆ నెల మంగళవారాల్లో ఇక్కడ కాలు పెట్టే చోటుండదు. పైనుంచి చూస్తే నది మొత్తం ఇసుకే, మధ్యలో వెండి తీగ. పక్కన జౌగఢ్‌లో అశోకుడు క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో రాయించిన బండ ఉంది, అందులో ఈ ఊరి పేరు సమాపా. పెద్ద ఊరై ఉంటుంది. ఇక్కడ మాత్రం పుల్ల మునగలేదు, గంట కూర్చున్నా.

సమాధానం దొరికింది తిరుగు దారిలో, పేరు కూడా అడగని ఒక చిన్న పల్లెలో. ఏటి ఇసుకలో ఒకామె చెలమ తీసి చెంబుతో బిందెలోకి తోడుకుంటోంది. పక్కనే నది పారుతుంటే చెలమ ఎందుకు పిన్నీ అని ఒడియాలో అడిగాను. నదిలో నీళ్ళు తాగినా ఏం కాదు, కానీ పప్పు ఉడకదు అంది. ఎప్పటినుంచి? సంక్రాంతి దాటినప్పటినుంచి. నీళ్ళు ఉప్పగా ఉన్నాయా అంటే, "ఉప్పగా ఉండవు, నాలికకి తెలీదు, కందిపప్పుకి తెలుస్తుంది" అంది. మళ్ళీ వానలు పడి ఎర్రనీళ్ళు వచ్చాక నదిలో నీళ్ళతోనే వండుతారట. ముందు ఇంకా దిగువన ఉన్న వాళ్ళ పుట్టింట్లో పప్పు ఉడికేది కాదు, ఈ ఊళ్ళో ఉడికేది. మూడు నాలుగేళ్ళుగా ఇక్కడా ఉడకట్లేదు.

బావా నేనూ మొహాలు చూసుకున్నాం. ఫోన్లో ఆ చోటు గుర్తు పెట్టుకున్నాను, వంతెన నుంచి ఎంత దూరమో కొలుద్దామని. ఆమె చెలమ నీళ్ళు మా సీసా నిండా పోసింది. ఆ సీసా ముందురోజు ఉప్పు నీళ్ళు నింపినదే, సరిగ్గా కడగలేదు, బావ ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టి "ఇక్కడిదాకా వచ్చేసింది, నువ్వే గెలిచావ్" అన్నాడు. కడగలేదని నేను చెప్పలేదు. ఛత్రపూర్లో పులుసు తిన్నాక, వాడు డబ్బులిచ్చాక, చెప్పాను.